గాలికి ఉపవాసం లేదు

ఇప్పుడు మా మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎక్కలేని రోజుల్లో రాసి ఉంటే ఇదంతా తిట్లతోనే నిండిపోయేది. ఇప్పుడు కూడా అక్కడక్కడా విసుగు బయటపడుతుంది. చదివేవాళ్ళు మన్నించాలి. దేవుడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన ఇచ్చిన గాలి మంచిదే, మధ్యలో ఏమైందన్నదే నా గొడవ.

నేను బడిలో చదువుకున్నదాన్ని కాను. మా నాన్న పార్వతీపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసేవాడు, సాయంత్రాలు భజన చెప్పేవాడు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. పెళ్ళయి విశాఖపట్నం వచ్చాను. మా ఆయనకి కంచరపాలెంలో మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. పాతఊళ్ళో, పూర్ణా మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో, చీటీలు పాడి రెండు గదుల మేడ కట్టుకున్నాం. మేమిద్దరం, మా అత్త ఉంటాం. ఈ ఇంట్లో నేను ఊపిరి పీల్చి బతకగలనా, లేక ఇల్లు వదిలి పోవాలా? ఏడాది పొడుగునా మా ఇంట్లో నడిచింది ఈ ఒక్క గొడవే.

వేసవి

పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని నామాలు చదువుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఎండాకాలం ఒక పేరుకీ ఇంకో పేరుకీ మధ్య ఊపిరి తెగడం మొదలైంది. అత్త పక్కగదిలోంచి వింటూనే ఉంది.

"ఒలే వరాలూ, దేవుడి పేరు సగంలో వదిలీసి మిగతాది ఎవుల్ని సదవమంటావే?"

"దగ్గొస్తన్నాది అత్తా."

"మిరియాలు నమిలీ. నానేటి, డెబ్బై ఏళ్ళొచ్చినా గొంతు గంటలాగున్నాది."

మిరియాలు, వాము, అల్లం, పసుపు పాలు అన్నీ అయ్యాయి. తులసాకు నమలమన్నారు. ఆకు తుంచితే నా బొటనవేలు నల్లబడింది. కడిగి నమిలాను. గడప కడిగి ముగ్గు పెడితే మధ్యాహ్నానికి ముగ్గు బూడిద రంగుకి తిరిగేది. కింద వాటాలో నూకరత్నం ఉంటుంది, వాళ్ళాయన సముద్రం మీదకి వేటకి వెళ్తాడు. డాబా మీద చేపలు ఎండబెట్టుకుని సాయంత్రం వచ్చి తిట్టుకుంటూ ఎత్తేది.

"ఇవి ఎండుసేపలు కావొదినా, బొగ్గుసేపలు. పులుసెట్టక్కర్లేదు, పొయ్యిలో ఏసీస్తే సాలు."

నవ్వేదాన్ని. నవ్వితే దగ్గు వచ్చేది.

ఆషాఢం

ఛాతీ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. అక్కడ ఎవరూ ఒకరినొకరు పేరడగరు. ఏ వైపు అని అడుగుతారు.

"ఏ వైపమ్మా?" అంది నా పక్కనున్న ముసలమ్మ.

"పాతఊరండి."

"అయితే మీకు నలుపు. మాది పరవాడ, కరెంటు ఫ్యాక్టరీ దగ్గర. మాకు బూడిద." అదేదో ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎదుటి బెంచీ మీద తువ్వాలు మూతికి పెట్టుకున్నాయన తల ఊపి, "గాజువాకండి, ఉక్కు ఫ్యాక్టరీ వైపు. ఎరుపు," అన్నాడు. మరి కాసేపటికి ఎవరి దుమ్ము దేన్ని ఎక్కువ పాడుచేస్తుందో అని వాదన వచ్చింది. తెల్లచొక్కాల విషయంలో మేమే గెలిచాం.

డాక్టరమ్మ మంచి మనిషి, కానీ ఆ ప్రశ్నలు! ఇంట్లో దుమ్ము ఉంటుందా అని అడిగింది. ఏం చెప్పను? పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడుస్తాను, తుడిచిన గుడ్డ పిండితే సిరాలాంటి నీళ్ళు కారతాయి అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, పొడిచీపురు వాడొద్దు, తడిగుడ్డతోనే తుడవండి, సాంబ్రాణి మానండి అంది. ఆస్తమా అంది. రెండు పంపులు ఇచ్చింది. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు. రెండోది ఆయాసం ఉన్నా లేకపోయినా రెండుపూటలా పీల్చి, తర్వాత నోరు పుక్కిలించాలి. ఎలా పీల్చాలో నర్సమ్మ ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చేయించి చూపింది. ఆమె చేతులు చల్లగా ఉండాలి.

ఇంటికొస్తే అత్త పంపుని చూసి పాముని చూసినట్టు వెనక్కి జరిగింది. "అది అలవాటైతే సచ్చేదాకా వదల్దంట. మా పిన్నికూతురు అలాగే అయిపోనాది."

"పిన్నికూతురు దేనితో పోయిందే అమ్మా?" అన్నారు మా ఆయన.

"బస్సు గుద్దీసింది. అయినా చేతిలో పంపు ఉన్నాది కదరా!"

వానలు

వానాకాలం నాకు బాగుంది. ఆకాశం కడిగినట్టయ్యేది. ఆ ఊపులో నేను ఫిర్యాదు చేయడం మొదలుపెట్టాను. ఫోన్లో ఒక నంబరు ఉంది, అక్కడ మన బాధ చెప్పుకోవచ్చు అన్నారు. చెప్పుకున్నాను. గుడ్డ కప్పకుండా బొగ్గు లారీలు మా సందు పక్క నుంచి పోతున్నాయని, గాలి అటునుంచి వీస్తే అన్నం కంచంలో కూడా పడుతోందని. మర్నాడు నేను దేవుడి అలమర మీద నల్లటి పొర తుడుస్తుండగానే ఫోను మోగి సందేశం వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది. చేతిలో గుడ్డ, గుడ్డ నిండా పరిష్కారం.

మా ఆయనతో కలిసి ఆఫీసుకి వెళ్ళాను. దుమ్ము మా పరిధిలోది కాదు, రోడ్డు వాళ్ళని అడగండి అన్నారు. రోడ్డు వాళ్ళు, దుమ్ము రోడ్డు మీద పుట్టదమ్మా, రేవు వైపు నుంచి వస్తుంది అన్నారు. రేవు వైపు వాళ్ళు, మేము నీళ్ళు చల్లుతూనే ఉన్నాం, ఊళ్ళో బళ్ళ పొగ సంగతి చూడండి అన్నారు. ఒకాయన మొక్కలు పెంచండమ్మా అని సలహా ఇచ్చాడు. మా తులసి సంగతి చెబుదామనుకున్నాను, కానీ గది దాటేసరికి ఆయాసం వచ్చింది. కూడలిలో గాలి ఎలా ఉందో చెప్పే బోర్డు ఒకటి పెట్టారు. దాని అద్దం కూడా మసిబారింది. ఎవరో పెద్దాయన వస్తున్నాడన్న రోజు పొద్దున మాత్రం మా రోడ్డంతా ట్యాంకరుతో కడిగారు. ఆ రోజు మా వీధి ఎంత అందంగా ఉందో! రోజూ ఒక పెద్దాయన రావాలని మొక్కుకున్నాను.

కార్తీకం

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. నాలాంటి వాళ్ళు ఇళ్ళల్లో చాలామంది ఉంటారు, వాళ్ళ కోసమే ముఖ్యంగా ఇదంతా రాస్తున్నాను.

కార్తీకమాసం నెల్లాళ్ళూ నక్తం ఉంటానని మొక్కుకున్నాను. పగలంతా ఉపవాసం, చుక్క చూసి రాత్రి భోజనం. ఇంతకుముందు చాలాసార్లు చేశాను. ఈసారి కొత్తగా పంపు వచ్చింది. పొద్దున పీల్చేది లోపలికి వెళ్ళేదే కదా. పైగా తర్వాత నోట్లో నీళ్ళు పోసుకోవాలి. ఉపవాసం చెడుతుందనిపించింది. ఎవరినీ అడగలేదు. రాత్రి భోజనమయ్యాక ఒక్కపూట మాత్రం పీల్చేదాన్ని. వానాకాలంలో బాగున్నాను కాబట్టి ధైర్యం కూడా వచ్చింది. కానీ కార్తీకం అంటే మాకు చలి మొదలు. పొద్దున్నే పొగా దుమ్మూ లేవకుండా నేలకి అంటుకుని ఉంటాయి. మా డాబా మీంచి చూస్తే కొండ కూడా కనపడదు. ఆ గాలిలోనే చీకటితో లేచి తలస్నానం చేసి దీపం పెట్టాను, రోజూ.

పౌర్ణమి సాయంత్రం నూకరత్నంతో కలిసి శివాలయానికి వెళ్ళాను. ఏడాది వత్తుల కట్టలు నెయ్యిలో తడిపి ఆడవాళ్ళంతా ఒకేసారి వెలిగిస్తారు. ఆవరణంతా వెలుగు. అంత అందాన్ని చూస్తూ వంగి నా కట్ట వెలిగించాను. పొగ ముఖానికి తగిలింది. ఊపిరి లోపలికి వెళ్ళింది కానీ బయటికి రాలేదు. ఛాతీని ఎవరో డబ్బాలో కుక్కి మూత బిగించినట్టయింది. పిలుద్దామంటే గొంతు లేదు. ఆయాసానికిచ్చిన పంపు ఇంట్లోనే ఉండిపోయింది. నూకరత్నం కొంగు పట్టుకున్నాను.

"ఒలమ్మో, ఒదినా! ఏటైపోనాది? జరగండమ్మా, జరగండి, మనిషి నీలంగా అయిపోతన్నాది!" అంటూ మీదపడ్డ జనాన్ని తోసుకుంటూ నన్ను దాదాపు ఎత్తుకుని బయటికి తెచ్చింది. చేపల గంప మోసిన చేతులవి. ఆటో ఆయన ఎవరో నాకు తెలియదు. దారంతా వెనక్కి తిరిగి, "పీల్చమ్మా, కొంచెం కొంచెం పీల్చు, వచ్చీసాం, ఇదిగో వచ్చీసాం," అంటూనే ఉన్నాడు. వచ్చేశాం అన్న చోటికి ఇంకా చాలా దూరం ఉందని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన కోసం ఇప్పటికీ ఒక వత్తి ఎక్కువ వేస్తాను.

చచ్చిపోతానని అనుకున్నాను. భయపడ్డానా అంటే, ముందు భయం కాదు, చికాకు వచ్చింది. ఇంట్లో చలిమిడి చేసి పెట్టాను, ఎవరూ నైవేద్యం పెట్టరే అని. భయం తర్వాత వచ్చింది, మా ఆయన షాపు బట్టలతోనే పరుగెత్తుకొచ్చి ఛాతీ ఆసుపత్రి తలుపు దగ్గర నిలబడిపోయినప్పుడు. ఆయన లోపలికి రాలేదు. నా వైపు చూడలేక గోడ మీద ఉన్న పోస్టరు చదువుతున్నారు.

మందుపొగ పట్టించి మాస్కు పెట్టాక డాక్టరమ్మ వచ్చింది. "పంపు రోజూ వాడుతున్నారా?"

తల ఊపాను. కానీ మా ఆయనతో వచ్చిన అత్త పక్కనే ఉందిగా.

"రాత్రే వాడతాదండి. పగలు నక్తం కదా."

"నక్తానికీ పంపుకీ ఏమిటమ్మా సంబంధం?"

నేను మాస్కు కొంచెం పైకెత్తి చెప్పాను. లోపలికి తీసుకునేది కదండీ, ఉపవాసం చెడుతుందని.

ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బాగా అలసిపోయి ఉంది. "మరి పొద్దుటి నుంచి గాలి పీల్చలేదా మీరు?"

నేను మాస్కు మళ్ళీ ముఖానికి దించుకున్నాను.

"మీ వీధి గాలిలో ఉన్నదంతా పదిహేను రోజులు మింగారు. దానికి చెడని ఉపవాసం, నా మందుకి చెడుతుందా? గాలికి ఉపవాసం లేదమ్మా."

ఆమె వెళ్ళాక ఆ మాట నన్ను వదల్లేదు. పగలు మెతుకు ముట్టకుండా, మంచినీళ్ళు కూడా చూసుకుని తాగుతూ, పదిహేను రోజులు బొగ్గు తిన్నాను. నా దేవుడికి నేను చూపిన నిష్ఠ అది. ఇంటికొచ్చాక గుడి పంతులుగారిని అడిగితే ఆయన కూడా నొచ్చుకున్నారు. "మందు ఉపవాసంలోకి రాదు తల్లీ. ఒక్కమాట ముందే అడగాల్సింది కదా." అడగాల్సిందే. మీరెవరైనా ఇలాంటి సందేహంలో ఉంటే మీరే తీర్పు చెప్పుకోకుండా డాక్టరునీ అడగండి, పంతులుగారినీ అడగండి. ఇద్దరూ నాతో ఒకటే చెప్పారు.

పుష్యం

ఇంకోసారి ఇలా వస్తే చెప్పలేను, వీలుంటే ఆ ప్రాంతం నుంచి మారండి అంది డాక్టరమ్మ. వీలుంటే అన్న మాట ఎంత తేలిగ్గా ఉంటుందో! మా ఆయన మాత్రం ఆ రోజే నిర్ణయించుకున్నారు. ఈ ఇల్లు అద్దెకిచ్చి, ఆ అద్దెతో వేరేచోట ఉందాం అన్నారు. అత్త వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే మా అత్త విషయంలో, గిన్నెలు మాట్లాడతాయి.

బండి మీద ఊరంతా తిరిగాం. షాపు దగ్గర ఉంటుందని కంచరపాలెం చూశాం. రైలు పట్టాల పక్క ఇల్లు. మేము చూస్తుండగానే పక్కింటాయన చెత్త పోగుచేసి నిప్పు పెట్టాడు. ఇంకోచోట ఇల్లుగలాయన మమ్మల్ని కుర్చీలో కూర్చోమనే ముందు తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలు దులిపితే బూడిద లేచింది. ఇంకోచోట ఏదో ఘాటు వాసన. అడిగితే, "రెండ్రోజులకి తెలీదండి, అలవాటైపోద్ది," అన్నారు. సముద్రం ఒడ్డున ఆ చివర గాలి చాలా బాగుందట. అక్కడ అద్దెలు విని, గాలి కూడా ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ చూసి వీస్తుంది కాబోలు అనుకున్నాం.

చివరికి గాజువాక వైపు ఒక మేడ దొరికింది. ముందురోజు అకాలంగా వాన పడింది. ఇల్లంతా కడిగిన పళ్ళెంలా ఉంది. కిటికీ తీస్తే చల్లగా వీచింది. నేను గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. దగ్గు రాలేదు. ఆసుపత్రి బెంచీ మీద ఎరుపు అన్న ఆయన గుర్తొచ్చాడు కానీ, గాజువాక పెద్దది కదా, ఈ వీధి వేరేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మాట ఇచ్చేశాం. ఇంటికొచ్చి మా ఆయన మా మేడకి అద్దెకివ్వబడును అని బోర్డు కట్టారు. అత్త ఆ బోర్డు కింద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, వచ్చేపోయే వాళ్ళందరికీ, "నన్ను కూడా అద్దెకిచ్చీత్తన్నారమ్మా," అని చెప్పింది.

మాఘం

ఒక ఆదివారం పొద్దున ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. ఆ అమ్మాయి పేరు స్వాతి. చంకలో ఏడాది నిండిన పిల్లాడు. ముక్కు కారుతూ, బొద్దుగా, నా గాజులు లాగుతూ ఉన్నాడు. ఆమె భర్త గదులు చూసి, కుళాయి తిప్పి, నచ్చిందన్నట్టు మా ఆయనతో అడ్వాన్సు సంగతి మొదలుపెట్టాడు. స్వాతి మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అక్కా, గాలి బాగా వస్తుందా ఇక్కడ?"

మా ఆయన నా వైపు చూశారు. ఏం చెప్పాలో కళ్ళతోనే చెప్పారు. పొద్దున్నే అన్నీ తడిగుడ్డతో తుడిచి ఉంచాను, ఇల్లు మెరిసిపోతోంది. అవునమ్మా అంటే చాలు. ఆ పిల్లాడు నా గాజు వదల్లేదు. వాడి ఛాతీలోంచి చిన్న పిల్లనగ్రోవిలాంటి చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

"వస్తుందమ్మా," అన్నాను. "గాలి బాగానే వస్తుంది. అందుకే మేం వెళ్ళిపోతున్నాం."

కిటికీ చువ్వ వెనక వైపు వేలితో రాసి చూపించాను. నల్లగా అంటింది. నా ఆయాసం, గుడి, ఆసుపత్రి అంతా చెప్పాను. మా ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. స్వాతి ముఖం వాడిపోయింది.

"బాబుకి పడటం లేదనే అక్కా మేం ఇల్లు మారుతున్నది. మా వీధిలో ఎర్రదుమ్ము. వీడి దుప్పటి రోజూ ఉతుకుతాను, రోజూ ఎర్రబడుతుంది. వాన పడితే ఒక్కరోజు బాగుంటుంది, అంతే."

"మీది ఏ వైపమ్మా?" అన్నాను.

ఆమె చెప్పింది. మేము మాట ఇచ్చిన ఇంటికి ఇటుపక్క వీధే.

తలుపు దగ్గర చిక్కుళ్ళ చేటతో అత్త ఉంది. ముందు ఆమెకే నవ్వు వచ్చింది. "ఒలమ్మో! మనం ఆలింటికి, ఆలు మనింటికి! సామాన్లకి లారీ ఒక్కటి సాలునురా!"

స్వాతి నవ్వబోయి ఏడ్చింది. నేను ఆమెని లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చాను. చిన్నపిల్లలకి పంపుకి గొట్టంలాంటి డబ్బా తగిలించి ముఖానికి పెట్టి పీల్పిస్తారని ఆసుపత్రిలో చూశాను. అది చెప్పాను. మా డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందో చెప్పాను. తగ్గిందని మధ్యలో మానొద్దని గట్టిగా చెప్పాను. "అలవాటైపోతుందంటున్నారు మా అత్తగారు," అంది. అప్పుడు మా అత్త చేట పక్కన పెట్టి కల్పించుకుంది. "అవుతాది, అవుతాది. ఊపిరి తియ్యడం అలవాటైపోతాది. మీ అత్తకి నాను సెప్పానని సెప్పు."

వాళ్ళు వెళ్ళాక మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. "ఆ అబ్బాయి అడ్వాన్సు తీసి చేతిలో పట్టుకున్నాడే," అన్నారు.

"చూశానండి."

"చెప్పకపోతే ఏం పోయేది?"

"ఆ గదిలో ఆ పిల్లాడు పడుకునేవాడు."

ఆయన లేచి స్టూలు తెచ్చుకుని బోర్డు విప్పారు. గాజువాక ఆయనకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పారు.

ఇక్కడే ఉన్నాం. మందు రెండుపూటలా తీసుకుంటున్నాను, దాని చలవే ఈ మెట్లు. చలికాలం నెలలు పార్వతీపురం వైపు మా చెల్లి దగ్గర ఉండమంది డాక్టరమ్మ, ఉంటాను. మిగతా రోజుల్లో సోమవారం సోమవారం ఆ ఫోను నంబరుకి ఫిర్యాదు చెప్తాను. ఒకే పదాలతో జవాబు వస్తుంది. మా అత్త దాన్ని హారతి అంటుంది. లారీల మీద ఈ మధ్య కొన్నిసార్లు గుడ్డ కనపడుతోంది. కప్పిన డ్రైవరు ఎవరైనా సరే చల్లగా ఉండాలి, కప్పనివాడి గురించి ఇక్కడ రాయను.

స్వాతి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది.

"అక్కా, మీ వైపు ఎలా ఉంది ఈరోజు?"

"నల్లగా. మీ వైపు?"

"ఎర్రగానే ఉందక్కా."

"బాబుకి మందు ఇచ్చావా?"

"ఇచ్చాను. మీరు తీసుకున్నారా?"

"తీసుకున్నానమ్మా," అంటాను.